పాత కంప్యూటర్‌లో లినక్స్ నడుస్తుందో లేదో ఎక్కించక ముందే తేల్చుకోవడం ఎలా

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లోనూ, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ వంటి ఊళ్ల ప్రైవేటు బడుల్లోనూ, పిల్లల చదువు కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ యంత్రాల్లోనూ ఈ నియమానికి నిలిచేవి నాకు కొన్నే కనిపించాయి. అలాగని మిగతావి పాడైపోయినవి కావు. ఉత్తరం టైపు చేయడానికి, పాఠం వీడియో చూడడానికి, హాల్‌టికెట్ తీసివ్వడానికి వాటిలో సత్తువ ఇంకా ఉంది. విండోస్ బదులు ఎక్కించుకోగల మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్; వాటికి అది మంచి దారి. అయితే ఏ యంత్రంలోనైనా కళ్లు మూసుకుని ఎక్కించేయవచ్చన్న మాట మాత్రం నిజం కాదు.

యంత్రం వయసు కంటే అందులోని ఒక్కొక్క భాగానికి డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. లినక్స్‌లో డ్రైవర్లలో చాలా భాగం దాని మూల భాగమైన కెర్నెల్‌తోనే కలిసి వస్తాయి కాబట్టి, 2012 నాటి డెస్క్‌టాప్‌కు ఏ సీడీ అవసరం లేకుండానే శబ్దం, నెట్‌వర్క్, తెర పని చేయడం మామూలే. నిన్న మార్కెట్లోకి వచ్చిన ల్యాప్‌టాప్ కంటే పదేళ్ల పాతదే సాఫీగా నడవడం కూడా వింతేమీ కాదు. చిక్కు వచ్చేది ఎక్కువగా వైఫై కార్డుతో, కొన్ని రకాల గ్రాఫిక్స్‌తో, అన్నింటికీ మించి బల్ల మీద పక్కన కూర్చున్న ప్రింటర్‌తో. అందుకని సీపీయూ డబ్బాను ఒక్కదాన్నే కాక, దానికి తగిలించిన ప్రతి వస్తువునూ కలిపి పరీక్షించాలి.

ముందు పని చూడండి, తర్వాత యంత్రం

ఆ కంప్యూటర్ రోజూ ఏ పని చేస్తుందో మొదట ఒక తెల్ల కాగితం మీద రాయండి. ఈ కాగితం చివరి దాకా మీ దగ్గరే ఉండాలి.

మీరు రాసిన పనుల్లో కింద చెప్పేవి ఉంటే అక్కడితో ఆగడం మేలు. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల్లో ధర్మకాంటాకు సీరియల్ కేబుల్‌తో కలిపి ఉంచిన కంప్యూటర్‌లో తూకం చీటీ తీసే ప్రోగ్రాం సాధారణంగా విండోస్ కోసమే రాసినది. దాన్ని కదిలిస్తే లారీలు గేటు దగ్గర వరుస కడతాయి. ఆధార్ వేలిముద్ర పరికరాలకు కావలసిన ఆర్‌డీ సర్వీస్ ప్రోగ్రాములు ప్రధానంగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారైనవి. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వారు అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో పని చేస్తారు. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, ఆ టైపింగ్ పద్ధతి లినక్స్‌లో దొరకదు. టాలీ కూడా విండోస్ సరుకే. వైన్ అనే ప్రోగ్రాం ద్వారా విండోస్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌లో నడిపించవచ్చని మీకెవరైనా చెప్పవచ్చు. ఇంట్లో ఆటకైతే ప్రయత్నించండి కానీ, నలుగురు కౌంటరు ముందు నిలబడి ఉండగా నడవాల్సిన పనిని మాత్రం దాని మీద వదలకండి.

బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, వీడియోలు, ప్రింటు, స్కాన్ వరకే మీ పని అయితే ముందుకు సాగండి.

యంత్రంలో ఏముందో రాసుకోండి

విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ఈ మెట్టు పూర్తి చేయాలి. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్, మదర్‌బోర్డు మోడల్, బయోస్ (యంత్రాన్ని మొదట మేలుకొలిపే ప్రోగ్రాం) విధానం పాత లెగసీయా కొత్త యూఈఎఫ్‌ఐయా అన్నది ఒకే చోట కనిపిస్తాయి. అక్కడ సిస్టమ్ టైప్ అన్న వరుసను నమ్మి చాలామంది పొరపడతారు. 64 బిట్ ప్రాసెసర్ ఉన్న యంత్రంలో కూడా అమ్మినవారు 32 బిట్ విండోస్ 7 ఎక్కించి ఉంటే ఆ వరుస ఎక్స్86 అనే చూపిస్తుంది. కాబట్టి ప్రాసెసర్ పేరునే ఆధారం చేసుకోండి. కోర్ 2 డ్యూయో, డెస్క్‌టాప్‌లలో వచ్చిన, నంబరు ఇంగ్లిష్ E అక్షరంతో మొదలయ్యే పెంటియం డ్యూయల్ కోర్, ఐ3, ఐ5, ఐ7 అన్నీ 64 బిట్‌వే. పేరులో 2 లేని కోర్ డ్యూయో, చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 మాత్రం 32 బిట్‌తో ఆగిపోయినవి.

తర్వాత డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్ల కిందున్న వైఫై కార్డు మీద, డిస్‌ప్లే అడాప్టర్ మీద విడివిడిగా రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిటెయిల్స్ అనే పేజీకి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీలు ఎంచుకోండి. వెన్ (VEN) అన్న గుర్తు తర్వాత నాలుగు, డెవ్ (DEV) అన్న గుర్తు తర్వాత నాలుగు అక్షరాలుంటాయి. డబ్బా మీద ఏ పేరు ముద్రించినా లోపలి చిప్ ఎవరిదో చెప్పేవి ఈ ఎనిమిదే. మొదటి నాలుగు 8086 అయితే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ, 10డీఈ అయితే ఎన్‌విడియా, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 168సీ అయితే ఎథరోస్. మొత్తం ఎనిమిదింటినీ కాగితం మీద ఎక్కించి, లినక్స్ హార్డ్‌వేర్ డాట్ ఆర్గ్ (linux-hardware.org) అనే వెబ్‌సైటులో వెతికితే అదే చిప్ ఉన్న యంత్రాల్లో లినక్స్ ఎలా నడిచిందో ముందే తెలుస్తుంది.

రాసుకున్న దాని అర్థం

వైఫైలో ఇంటెల్, ఎథరోస్ చిప్‌లు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. బ్రాడ్‌కామ్ అయితే పని చేస్తుంది కానీ, తరచుగా వేరే డ్రైవర్ గాని ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) గాని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది. వైఫై పని చేయడానికే ఇంటర్నెట్ కావలసి రావడం దీనిలోని తమాషా. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే ఆ ముడి విడిపోతుంది, ఎందుకంటే దానికి లినక్స్‌లో ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు. రియల్‌టెక్‌లో డెస్క్‌టాప్ కేబుల్ నెట్‌వర్క్ చిప్‌లు మామూలుగా ఇబ్బంది పెట్టవు. చవకగా దొరికే గోరంత వైఫై డాంగిల్స్‌తోనే జాగ్రత్త. వాటిలో కొన్ని తగిలించగానే తమను తాము డ్రైవర్ సీడీగా పరిచయం చేసుకుంటాయి, ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే తప్ప వైఫైగా మారవు. కొత్తగా డాంగిల్ కొనేటట్లయితే ఎథరోస్ ఏఆర్9271 చిప్ ఉన్నది అడగండి.

గ్రాఫిక్స్‌లో ఇంటెల్ పాతవి దాదాపు అన్నీ కెర్నెల్‌లోని డ్రైవర్‌తోనే నడుస్తాయి. ఊళ్లలో ఎక్కువగా కనిపించే జీ31, జీ41, హెచ్61 బోర్డులు ఆ కోవలోవే. మినహాయింపు ఒకటుంది. జీఎంఏ 500, జీఎంఏ 3600 అనే పేర్లతో ఆటమ్ యంత్రాల్లో వచ్చినవి పేరుకు ఇంటెల్‌వే అయినా లోపల పవర్‌వీఆర్ సరుకు. బొమ్మ కనిపిస్తుంది కానీ వేగవర్ధన ఉండదు, వీడియో నత్తనడక నడుస్తుంది. సిస్ 671 చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లదీ ఇంచుమించు ఇదే కథ. పాత ఏఎండీ రేడియాన్ కార్డులు హాయిగా పని చేస్తాయి. ఎన్‌విడియా జీఫోర్స్ 8, 9, 200 వరుసలకు కంపెనీ డ్రైవర్ 340 దగ్గర, 400, 500 వరుసలకు 390 దగ్గర ఆగిపోయింది. కొత్త కెర్నెల్‌తో వాటి కోసం కుస్తీ పట్టే కంటే కెర్నెల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌తో సర్దుకోవడమో, బోర్డులోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే ఆ కార్డును పీకేయడమో మంచిదని నా అభిప్రాయం.

ఏ లినక్స్ ఎంచుకోవాలి

64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ 22 వరుసలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న రకం తీసుకోండి. ఉబుంటు 24.04 మీద ఆధారపడిన ఈ వరుసకు 2029 వరకు మద్దతు ఉంది. 2 జీబీ కనీసమని మింట్ వారు చెబుతారు. ఆ కనీసంలో డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది కానీ బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరిచేసరికి ఓపిక నశిస్తుంది. ర్యామ్ పెంచడానికి వీల్లేకపోతే యాంటిఎక్స్ లేదా పప్పీ లినక్స్ ప్రయత్నించవచ్చు.

32 బిట్ ప్రాసెసర్ వారికి దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12లో ఉంది, దాని దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు. ఆ గడువు తెలిసే ఎక్కించండి. డెబియన్ 12 నుంచి వైఫై వంటి వాటికి కావలసిన ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే కలిసి వస్తుండడం పాత ల్యాప్‌టాప్‌లకు పెద్ద ఊరట. సర్వర్లలో పేరున్న ఆల్మా, రాకీ వంటి వాటి 9వ సంచికను పాత కోర్ 2 డ్యూయోలో పెట్టాలని చూడకండి; 64 బిట్ అయినా ఆ ప్రాసెసర్‌లో లేని ఆదేశాలను అవి కోరుతాయి.

పెన్‌డ్రైవ్ తయారీ, బూట్ చేయడం

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఐఎస్ఓ ఫైలు దింపుకున్నాక మింట్ వెబ్‌సైటులో ఇచ్చిన షా256 సంఖ్యతో (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) సరిపోల్చండి. కరెంటు పోయి వచ్చే ఊళ్లో సగంలో తెగి మళ్లీ మొదలైన డౌన్‌లోడ్ పైకి బాగానే కనిపిస్తూ, బూట్ అయ్యేటప్పుడు అర్థం లేని తప్పులు చూపి, నెపం యంత్రం మీదికి నెడుతుంది. పెన్‌డ్రైవ్ మీద రాయడానికి రూఫస్ అనే విండోస్ ప్రోగ్రాం వాడండి. మీ కాగితం మీద లెగసీ అని ఉంటే అందులో ఎంబీఆర్ ఎంచుకోండి.

యంత్రం తెరుచుకుంటున్నప్పుడు డెల్, లెనోవో వాటిలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ లేదా ఎఫ్9, గిగాబైట్ బోర్డుల్లో ఎఫ్12, ఎంఎస్ఐలో ఎఫ్11, ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏసర్ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12 పని చేయాలంటే చాలాసార్లు బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ముందు ఆన్ చేయాలి. జీ31 కాలపు బోర్డుల్లో పెన్‌డ్రైవ్ విడిగా కనిపించకుండా హార్డ్ డిస్కుల జాబితా లోపల దాక్కుంటుంది. అక్కడికి వెళ్లి దాన్ని పైకి జరపాలి. ముందువైపు పోర్టుల తీగలు వదులై ఉండడం సాధారణం కాబట్టి వెనకవైపు పోర్టులోనే తగిలించండి.

అసలు పరీక్ష

మింట్ పెన్‌డ్రైవ్ నుంచే పూర్తి డెస్క్‌టాప్‌గా తెరుచుకుంటుంది. మీరు ఇన్‌స్టాల్ గుర్తు నొక్కనంత వరకు లోపలి డిస్కును ముట్టదు. ఇక్కడ తొందరపడకుండా ఒక పూట కేటాయించండి. తెర నల్లగా ఉండిపోతే తొలి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుని మళ్లీ ప్రయత్నించండి. తెర వచ్చాక దాని సహజ రిజల్యూషన్ దొరికిందా చూసి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గ్రాఫిక్స్ రెండరర్ దగ్గర ఎల్ఎల్‌వీఎంపైప్ (llvmpipe) అనే మాట ఉందేమో గమనించండి. ఉంటే గ్రాఫిక్స్ పనిని ప్రాసెసరే మోస్తున్నదని అర్థం. శబ్దం రాకపోతే డ్రైవర్ లేదని నిర్ణయించే ముందు సౌండ్ సెట్టింగులలో హెచ్‌డీఎంఐ నుంచి మామూలు స్పీకరుకు మార్చి చూడండి. ల్యాప్‌టాప్ అయితే మూత వేసి, నిమిషం తర్వాత తెరిచి, తెర, వైఫై రెండూ తిరిగి వస్తున్నాయా అని ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు చూడాలి. బడి కోసమైతే ప్రొజెక్టర్ తగిలించి చూడండి.

ఇప్పుడు ప్రింటర్. నేను మొదటిసారి ఒక జిరాక్స్ షాపు యంత్రం మార్చినప్పుడు ప్రాసెసర్, వైఫై, శబ్దం అన్నీ ముచ్చటగా పరీక్షించి, ప్రింటర్‌ను మరునాటికి వదిలాను. మరునాడు పరీక్ష హాల్‌టికెట్ల రద్దీ. మధ్యాహ్నానికి పాత డిస్కు తిరిగి బిగించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రింటర్‌నే మొదట తగిలిస్తున్నాను, మీరూ అలాగే చేయండి.

జిరాక్స్ షాపుల్లో తరచూ కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది. దానికి కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతది, ఎక్కించడం తేలిక కాదు. ఆ ప్రింటర్ మీదనే బతుకు నడుస్తుంటే దాన్ని విండోస్ యంత్రానికే ఉంచి, ఆ యంత్రం నుంచి పీడీఎఫ్‌లు ప్రింటు తీయడం క్షేమం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటివి స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ అందుకుంటేనే మేలుకుంటాయి. హెచ్‌పీలిప్ అనే ప్రోగ్రాంతో పాటు దాని ప్లగిన్‌ను కూడా ఎక్కిస్తే పని చేస్తాయి. ఎప్సన్ ఎల్ వరుస ఇంకు ట్యాంకు ప్రింటర్లకు డ్రైవర్ చక్కగా దొరుకుతుంది. పరీక్ష పేజీ ఇంగ్లిష్‌లో వచ్చిందని సంతృప్తి పడకుండా, ఒత్తులున్న తెలుగు పేజీ ఒకటి, ఆధార్ కార్డు పీడీఎఫ్ ఒకటి తీసి చూడండి. స్కానర్ ఉంటే దాన్ని కూడా.

పరీక్ష మధ్యలో యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతే లినక్స్‌ను నిందించే ముందు మూత తీయండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన పాలమూరు, నల్లగొండ ఎండల్లో, ఎర్రదుమ్ము పేరుకున్న ఫ్యాను, ఎండి పెళుసైన థర్మల్ పేస్టు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నైనా ఆపేస్తాయి. దుమ్ము దులిపి, కొత్త పేస్టు రాసి మళ్లీ చూడండి. అప్పటికీ తప్పులు వస్తుంటే పెన్‌డ్రైవ్ మెనూలో మెమరీ టెస్ట్ కనిపించిన చోట దాన్ని నడిపి ర్యామ్‌ను పరీక్షించండి. డిస్క్స్ అనే ప్రోగ్రాంలో స్మార్ట్ అనే డిస్కు ఆరోగ్య వివరాలు తెరిచి, రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడై పక్కన పెట్టిన భాగాల) సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్కు మీద ఏదీ ఎక్కించవద్దు.

కొద్ది ఖర్చు

పరీక్ష నెగ్గిన యంత్రానికి ఒక సాటా ఎస్ఎస్‌డీ కొనండి. పాత యంత్రాన్ని ఇంతగా మార్చే ఖర్చు మరొకటి లేదు. ర్యామ్ విషయంలో మాత్రం బోర్డు చూసి కొనాలి. జీ31కి గరిష్ఠం 4 జీబీ, జీ41కి 8, హెచ్61కి 16. జీ41 బోర్డుల్లో డీడీఆర్3 పెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది: ఎనిమిదే చిప్‌లున్న 4 జీబీ కర్రను ఆ చిప్‌సెట్ గుర్తించదు, రెండు వైపులా కలిపి పదహారు చిప్‌లున్నదే కావాలి. దుకాణంలో మోడల్ నంబరు అడిగి ఊరుకోకుండా, కర్రను చేతిలోకి తీసుకుని చిప్‌లు లెక్కపెట్టండి.

ఎక్కించడం

పాత డిస్కును చెరపకండి. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, ఎస్ఎస్‌డీ ఒక్కటే బిగించి దాని మీద లినక్స్ ఎక్కించండి. ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో పాత స్థితికి తిరిగి వెళ్లే దారి ఇదే. ఒకే డిస్కులో రెండూ ఉంచడం సాధ్యమే కానీ, పాత యంత్రాల్లో దాన్ని నేను సిఫారసు చేయను. ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించకపోతే బయోస్‌లో సాటా విధానం రెయిడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. ఆ తర్వాత పాత విండోస్ డిస్కు వాడాలనుకుంటే ఈ అమరికను మళ్లీ వెనక్కి మార్చాలి, లేకుంటే విండోస్ తెరుచుకోదు.

ఎక్కించాక డ్రైవర్ మేనేజర్ ఒకసారి తెరిచి, బ్రాడ్‌కామ్ వంటి వాటికి ఏమైనా సూచిస్తున్నదా చూడండి. కీబోర్డు అమరికల్లో తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవారు ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కించుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. ఏదైనా చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. బ్రౌజర్ ప్రతి సైటుకూ భద్రతా హెచ్చరిక చూపుతుంటే గడియారం చూడండి: మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది, బిళ్ల మారిస్తే సరి.

పాత డిస్కును అట్టపెట్టెలో చుట్టి, తేదీ రాసి, కనీసం ఒక నెల అలాగే ఉంచండి. ఆ నెలలో అవసరమైన ఫైళ్లను యూఎస్‌బీ కేసుతో తగిలించి కాపీ చేసుకోవచ్చు. విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయకుండా నిద్రలో పెట్టి ఊడదీసి ఉంటే లినక్స్ ఆ డిస్కును చదవడానికి మాత్రమే అనుమతించవచ్చు. ఇక మొదటి రోజు నుంచి చేతిలో ఉన్న కాగితం మీద ఎక్కించిన లినక్స్ పేరు, సంచిక, మద్దతు ముగిసే సంవత్సరం, వైఫై చిప్ అక్షరాలు, ప్రింటర్‌కు వాడిన డ్రైవర్, బయోస్‌లో మార్చిన అమరిక రాసి, సీపీయూ డబ్బా లోపలి పక్కకు టేపుతో అంటించండి.